నేను ఏడవడం లేదు

కిందటి వేసవిలో రెండు నెలలకు పైగా, నన్ను చూసిన వాళ్ళంతా నాతో ఒకే మాట అన్నారు. "ఏడవొద్దమ్మా." సి క్యాంపు రైతుబజారులో వంకాయలమ్మే అవ్వ అంది. బస్సులో పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల అంది, తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి మరీ. మా హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో అందరూ వెళ్ళేదాకా ఆగి, "ధైర్యంగా ఉండాలి మేడమ్" అన్నారు. మా వదినైతే నా తల తన ఒళ్ళోకి లాక్కుని, "ఎన్ని దినాలని ఏడుస్తావు, ఏడ్చి ఏడ్చి కండ్లు పోగొట్టుకుంటావా" అంటూ తనే ఏడ్చింది.

నేను ఏడవడం లేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, అంతే. పొద్దున లేచేసరికి దిండు తడి. ఎండలోకి వెళ్తే చెంపలు తడి. నోట్సులు దిద్దుతుంటే పిల్లల రాత మీద చుక్కలు పడి సిరా అలుక్కుపోయేది. వెంట్రుకల్లేని గుండు, కనుబొమల్లేని ముఖం, దాని మీద ఆగకుండా కారే నీళ్ళు. చూసేవాళ్ళ తప్పేముంది? క్యాన్సర్ వచ్చిన ఆడమనిషి కంట నీళ్ళు కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు?

కానీ ఆ అనుకోవడం వల్లే నా ఎడమ కన్ను ఇవాళ్టికీ కారుతోంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నేను కర్నూలులో ఉంటాను, ఇక్కడికి దగ్గర్లోనే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. నలభై ఆరో ఏట కుడి రొమ్ములో గడ్డ తగిలింది. సూది పరీక్ష, బయాప్సీ, ఆపరేషన్ అన్నీ నెలలోపే అయిపోయాయి. ఆ తర్వాత కీమో. మొదట మూడు వారాలకొకసారి నాలుగు సైకిళ్ళు, డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది, వార్డులో అందరూ ఎర్రమందు అనే అంటారు. అవయ్యాక డోసెటాక్సెల్. "ఒకేసారి పెద్ద డోసు ఇస్తే మీరు తట్టుకోలేరమ్మా, వారం వారం కొంచెం కొంచెంగా ఇద్దాం" అన్నారు డాక్టరు గారు. నా ఒంటి బలం చూసి, నా మంచికే అన్నారు. ఆ మాటలో దయ ఉంది. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం లేదు.

కీమో మొదలుపెట్టే ముందు ఒక నర్సమ్మ కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. జుట్టు ఊడుతుంది. వాంతులొస్తాయి. నోరు పూస్తుంది. గోళ్ళు నల్లబడతాయి. అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. రక్తంలో తెల్లకణాల కౌంట్ పడిపోయి జ్వరమొస్తే అర్ధరాత్రైనా సరే పరిగెత్తుకు రావాలి. అవన్నీ ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి ఫైలులో పెట్టారు కూడా. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. దాన్ని మొన్న మళ్ళీ తీసి ఒక్కో అక్షరం చదివాను. తల నుంచి పాదం దాకా అన్నీ ఉన్నాయి. కన్ను అనే మాట ఒక్కచోట కూడా లేదు.

నాలుగో వారం కీమో అయ్యాక కళ్ళు కారడం మొదలైంది. రెప్ప వెంట్రుకలు ఊడిపోయాయి కదా, దుమ్ము నేరుగా పడుతోందేమో అనుకున్నాను. అదీ కొంత నిజమే. రెప్ప వెంట్రుకలు లేని కంటికి మన కర్నూలు మే నెల గాలి ఎలా తగులుతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగితే కండ్లకలక అని యాంటీబయాటిక్ చుక్కల మందు ఇచ్చారు. రెండు సీసాలు అయిపోయాయి. తగ్గలేదు. కీమోకి వెళ్ళినప్పుడు చెప్పాను. "టెన్షన్ పడకండమ్మా, కీమో అయిపోతే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. ఇంకోసారి చెప్పబోతే, నేను నోరు తెరవకముందే అక్కడున్నావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడవకండి, మీరు చాలా బాగా రెస్పాండ్ అవుతున్నారు" అంది. ఆ ఓదార్పు తర్వాత ఇంకేం అడగగలను? కళ్ళు తుడుచుకుని వచ్చేశాను.

తెలుగు టీచర్ని కాబట్టి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. కన్నీరు అనే మాటకు విగ్రహవాక్యం చెప్పమంటే మా ఎనిమిదో తరగతి పిల్లలు టక్కున చెబుతారు: కంటి యొక్క నీరు, షష్ఠీ తత్పురుష. ఆ సమాసంలో దుఃఖం ఎక్కడా లేదు. కంటి నీరు, అంతే. దుఃఖాన్ని మనం తర్వాత కలిపాం. ఎంత గట్టిగా కలిపామంటే, కంట్లో నీళ్ళు చూసిన మరుక్షణం మనసు గురించే ఆలోచిస్తాం తప్ప కంటి గురించి ఆలోచించం.

కంటి గురించి ఆలోచిస్తే విషయం ఇది. కంటికి నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, ఏడ్చినా ఏడవకపోయినా. ఆ నీరు కంటిని తడిపి, ముక్కు వైపు మూలకు చేరుతుంది. అక్కడ పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సూదిమొన అంత రంధ్రాలుంటాయి. అద్దంలో రెప్ప కాస్త తిప్పి చూసుకుంటే కనబడతాయి. వాటి నుంచి సుమారు సెంటీమీటరు పొడవున్న సన్నటి నాళాలు మొదలై, ఒక సంచిలోకి, అక్కడి నుంచి ముక్కులోకి వెళ్తాయి. గట్టిగా ఏడిస్తే ముక్కు కారేది అందుకే. డోసెటాక్సెల్ రక్తంలోకి ఎక్కాక కొంత కన్నీటిలోకి కూడా వస్తుంది. ఆ మందు కలిసిన నీరు గంటల తరబడి ఆ సన్నటి నాళాల్లోంచి పారుతుంది. నాళాల లోపలి పొర వాస్తుంది, తర్వాత మచ్చ కడుతుంది, చివరికి గోడలు అతుక్కుని మూసుకుపోతాయి. తూములో పూడిక చేరితే నీరు గట్టు మీద నుంచి పొర్లినట్టు, కన్నీరు చెంప మీదికి పొర్లుతుంది.

ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్లో బిటా ఎస్మేలీ అనే కంటి వైద్యురాలు, ఆమె సహచరులు దీన్ని 2001లోనే వైద్య పత్రికలో రాశారు. ఆ మరుసటి ఏడాది ఆ మందు కన్నీటిలో చేరుతుందని కూడా చూపించారు. మూడు వారాలకొకసారి తీసుకునేవాళ్ళకన్నా వారం వారం తీసుకునేవాళ్ళకు ఇది ఎక్కువగా వస్తుందని కూడా వాళ్ళ పరిశీలనల్లో తేలింది. నా మీద దయతో చిన్న చిన్న డోసులుగా వారం వారం ఇచ్చారే, ఆ పద్ధతిలోనే ఈ ముప్పు ఎక్కువ. ఒళ్ళు తట్టుకుంది. కన్నీటి నాళం తట్టుకోలేదు.

నన్ను అన్నిటికన్నా కలచివేసింది దీనికి ఉన్న గడువు. నాళం సన్నబడుతున్న దశలోనే కనిపెడితే, దాన్లో జుట్టులాంటి సన్నటి సిలికాన్ గొట్టం పెడతారు. చిన్న పని. కీమో నడిచినన్నాళ్ళూ ఆ గొట్టం నాళాన్ని తెరిచి ఉంచుతుంది, కీమో అయిపోయాక కొన్ని వారాలకు తీసేస్తారు. ఇందుకోసం కీమో ఆపనక్కర్లేదు, డోసు తగ్గించనక్కర్లేదు. అదే పూర్తిగా మూసుకుపోయాక వెళ్తే సిలికాన్ గొట్టం దూరదు. అప్పుడు ముక్కు ఎముకలో దారి చేసి, కంటి మూల నుంచి ముక్కులోకి పైరెక్స్ గాజు గొట్టం శాశ్వతంగా అమర్చాలి. అదొక పెద్ద ఆపరేషన్, దాన్ని జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి. ఈ రెండింటి మధ్య తేడా కొన్ని వారాలు. ఆ వారాలన్నీ నేను జనం చేత ఓదార్పించుకుంటూ గడిపాను.

పదో వారం కీమో అయ్యాక మా వదిన కొడుకు పట్టుబట్టి కంటి ఓపీకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ. నా ఫైలు తీసి మందుల పేర్లు చదివింది. డోసెటాక్సెల్ దగ్గర ఆగి, "వారం వారమా?" అని అడిగింది. అవునన్నాను. మొద్దుమొన సూదితో ఉప్పునీళ్ళు తీసుకుని కుడి కంటి మూలనున్న రంధ్రంలోకి మెల్లగా పంపింది. "అమ్మా, గొంతులో ఉప్పగా తగులుతోందా?" తగిలింది, కొంచెం. "కొంచెమైనా చాలు, దారి ఉంది." తర్వాత ఎడమ కన్ను. "ఇప్పుడు?" నేను గుటక వేసి చూశాను. మళ్ళీ వేశాను. ఏమీ లేదు. పంపిన నీళ్ళన్నీ వెనక్కి చెంప మీదికే వచ్చేశాయి. ఆ పిల్ల మొహంలో మారిన రంగు చూసి, ఆ వారాలన్నిటిలో మొదటిసారి నేను నిజంగా ఏడ్చాను. రెండింటికీ తేడా ఆమెకు తెలుసు కాబట్టి ఏడవొద్దని అనలేదు. టిష్యూ ఇచ్చి, హైదరాబాదులో కన్నీటి నాళాలు చూసే డాక్టరుకు ఉత్తరం రాసింది.

ఇక్కడి నుంచి హైదరాబాదు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. గుండు మీద చున్నీ, కళ్ళ మీద నల్లద్దాలు, చేతిలో నాలుగు రుమాళ్ళతో వెళ్ళాను. కుడి కంటికి గొట్టం వేశారు. ఇప్పుడు ఆ కన్ను మామూలుగా ఉంది. ఎడమ కంటికి గాజు గొట్టమే దారి అన్నారు. ఒళ్ళు కుదుటపడ్డాక చూద్దామని వాయిదా వేశాను. ఇది రాస్తుంటే కూడా ఎడమ చెంప తుడుచుకుంటూనే ఉన్నాను.

నాకు కీమో ఇచ్చిన చోటు పేరు రాయను. వాళ్ళు నా ప్రాణం నిలబెట్టారు. నా తగువు ఒక ఆసుపత్రితో కాదు, ఒక అలవాటుతో. క్యాన్సర్ డాక్టరు గడ్డను చూస్తారు, కంటి డాక్టరు కంటిని చూస్తారు. ఆ రెండు గదుల మధ్య ఫైలు మోసుకు తిరిగేది రోగి. ఏ వాకిట్లో ఏం చెప్పాలో ఆమెకు ఎవరూ చెప్పరు. మన ఊరికి లేనిదేముంది? మెడికల్ కాలేజీ ఎప్పటి నుంచో ఉంది. పెద్దాసుపత్రి ఉంది, ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఇప్పుడు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. రాయలసీమలో ఇన్ని ఒకే ఊళ్ళో ఉండటం మామూలు విషయం కాదు. లేనిదల్లా కీమో ఫైలులో ఒక్క వాక్యం: కళ్ళు కారినా, మసకబారినా, మండినా వెంటనే చెప్పండి, కంటి డాక్టరుకు చూపించుకోండి.

ఈ మాట అన్నప్పుడు నాకు ఎదురైన జవాబులు ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టేయలేను, ఎందుకంటే అన్నవాళ్ళు మంచివాళ్ళు.

ఒకాయన, రిటైరైన డాక్టరు, మా ఇంటి దగ్గరే ఉంటారు. "ప్రాణం ముందు కన్నెంతమ్మా? బతికి ఉంటే కళ్ళు తుడుచుకోవచ్చు" అన్నారు. నిజమే. నేనూ చాలా రోజులు అలాగే సమాధానం చెప్పుకున్నాను. కానీ ఇక్కడ ప్రాణానికీ కంటికీ పోటీ ఎక్కడుంది? గొట్టం వేయించుకుంటూ నా మిగతా రెండు కీమోలూ పూర్తి చేశాను, ఒక్క రోజు తేడా లేకుండా. ఒకదాన్ని వదులుకుంటేనే ఇంకొకటి దక్కుతుందంటే ఆ మాట చెల్లుతుంది. రెండూ దక్కే దారి ఉన్నప్పుడు ఆ మాటతో రోగి నోరు మూయించకూడదు.

రెండో జవాబు ఇంకాస్త బరువైంది. ఇన్ని దుష్ప్రభావాలు చెబితే ఆడవాళ్ళు భయపడి వైద్యమే మానేస్తారు అంటారు. నేను వార్డులో చూసింది దీనికి సరిగ్గా తలకిందులు. నాతోపాటు కీమోకి వచ్చే ఒక అక్కకు షుగర్ ఉంది. డోసెటాక్సెల్‌తో పాటు డెక్సామెథసోన్ ఇస్తారు, ఒంట్లో నీరు చేరకుండా, అలర్జీ రాకుండా. అది స్టెరాయిడ్. షుగర్‌ను ఎగదోస్తుంది. షుగర్ ఎగిసినప్పుడు కంటిలోని లెన్సు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, చూపు మసకబారుతుంది, షుగర్ దిగితే మళ్ళీ మారుతుంది. ఆ అక్కకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు నెలల్లో మూడు జతల అద్దాలు కొంది. ఏవీ సరిపోలేదు. ఈ మందులు కళ్ళు పొడుస్తున్నాయని నిర్ధారించుకుని రెండు కీమోలు ఎగ్గొట్టింది. షుగర్ కుదురుకునేదాకా అద్దాలు మార్చొద్దు, చూపు దానంతటదే తిరిగొస్తుంది అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే? ఆమెను వైద్యానికి దూరం చేసింది ఆ ఒక్క మాట లేకపోవడమే.

హార్మోన్ బిళ్ళల దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నేను ఇప్పుడు టామాక్సిఫెన్ వేసుకుంటున్నాను, రోజుకు 20 మిల్లీగ్రాములు. కీమో అయ్యాక ఫైలు పలచబడుతుంది, ఆసుపత్రికి వెళ్ళడం తగ్గుతుంది, బిళ్ళ మాత్రం కనీసం అయిదేళ్ళు ఉంటుంది. అమెరికాలో 1977లో అనుమతి వచ్చిన మందు ఇది. మరుసటి ఏడాదే, 1978లో, దీన్ని ఇప్పటి డోసుకు ఎన్నో రెట్లు ఎక్కువగా వాడినవాళ్ళ కంటి వెనక పొరలో, అంటే రెటీనాలో, మెరిసే స్ఫటికాలు, వాపు కనబడ్డాయని ఇద్దరు వైద్యులు రాశారు. ఇప్పటి 20 మిల్లీగ్రాముల డోసులో అది అరుదు. శుక్లాలు వచ్చే అవకాశం మాత్రం కొద్దిగా పెరుగుతుంది. ఆ సంగతి 13 వేల మందికి పైగా మహిళలతో జరిగి, 1998లో ఫలితాలు వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బయటపడింది. ఇంకోవైపు, అయిదేళ్ళు టామాక్సిఫెన్ వాడితే, హార్మోన్ల ఊతంతో పెరిగే (హార్మోన్ పాజిటివ్) క్యాన్సర్లో పదిహేనేళ్ళ వరకు ఆ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఈ రెండు తూకాలూ పక్కపక్కన పెట్టి చెబితే ఏ ఆడమనిషీ బిళ్ళ మానదు. చెప్పకుండా వదిలేస్తే, ఒకరోజు చూపు మసకబారగానే పక్కింటావిడ మాట విని మానేస్తుంది. అలా మానేసిన ఇద్దరు నాకు తెలుసు. ఒకావిడకు వచ్చింది వయసుతో వచ్చే మామూలు శుక్లం.

అందుకే టామాక్సిఫెన్ మొదలుపెట్టే ముందు ఒకసారి కంటి వెనక పొర చూపించుకోవాలని, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలని నేను అందరికీ చెబుతున్నాను. ఓసీటీ అని ఒక స్కాన్ ఉంది, నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల పని. మొదట్లోనే ఒక ఫోటో ఉంటే తర్వాత వచ్చింది కొత్తదో పాతదో తేల్చడం తేలిక. నెలసరి ఆగిపోయినవాళ్ళకు టామాక్సిఫెన్ బదులు తరచు ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి బిళ్ళలతో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఇంకా అడుగంటుతుంది. వాటితో చాలామందికి కళ్ళు పొడిబారతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి.

పొడిబారడం గురించి ఒక చిక్కు చెప్పాలి. కన్ను పొడిబారినా నీళ్ళు కారతాయి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ కారణం తేలిక. ఉల్లిగడ్డ కోస్తే ఘాటుకు కన్ను ఎలా నీళ్ళు పెడుతుందో, పొడిబారి మండే కన్ను కూడా అలాగే ఒక్కసారిగా నీళ్ళు కుమ్మరిస్తుంది. ఉల్లి మార్కెట్ ఉన్న ఊరివాళ్ళం, మనకు చెప్పాలా! అంటే కీమోలో కన్ను కారుతోందంటే నాళం పూడిందా, కన్ను ఎండిందా అన్నది చూస్తే తెలియదు. పరీక్ష చేయాలి. ఎండితే కృత్రిమ కన్నీటి చుక్కలు చాలు. రోజుకు నాలుగైదు సార్లకు మించి వేసుకోవాల్సి వస్తే చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్ లేనివి అడిగి తీసుకోవాలి, ఆ ప్రిజర్వేటివే కంటిని ఒరిపిడి పెడుతుంది. అవి ఖరీదే. నా జీతంలోంచి కొనగలిగాను. కూలికి పోయే అక్కలు ఎలా కొంటారు? ఆరోగ్యశ్రీ వచ్చిన 2007 నుంచి ఎందరి ప్రాణాలో నిలబడ్డాయి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. కీమోతో పాటు ఈ చిన్న సీసా కూడా ఉచితంగా చేతిలో పెట్టాలని అడగడం అత్యాశ అని నేననుకోను.

కొత్త మందుల విషయంలో ఈ బుద్ధి వచ్చింది కూడా. 2025 జనవరిలో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందిన డాటోపొటమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందు సమాచార పత్రంలో, మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష చేయించాలని, ఏడాదికోసారి మళ్ళీ చేయించాలని, చుక్కలు రోజూ వేసుకోవాలని స్పష్టంగా రాశారు. ఖరీదైన కొత్త మందుకు ఇంత జాగ్రత్త సాధ్యమైనప్పుడు, మన జిల్లా ఆసుపత్రుల్లో పేదవాళ్ళకు రోజూ ఎక్కిస్తున్న డోసెటాక్సెల్‌కు, ఇరవై ఏళ్ళకు పైగా తెలిసిన సంగతికి, ఒక్క వాక్యం ఎందుకు సాధ్యం కాదు?

ఇంటివైద్యం గురించి కూడా రాయాలి, మన దగ్గర అది మొదట వస్తుంది కాబట్టి. మా పెద్దమ్మ పల్లె నుంచి నందివర్ధనం పూలు తెచ్చి, మూసిన రెప్పల మీద పెట్టేది. చల్లగా ఉండేది. మూసిన రెప్పల మీదే కాబట్టి నేనూ వద్దనలేదు. ఒకరోజు మాత్రం ఎదురింటి బాలింత దగ్గర చిన్న గిన్నెలో చనుబాలు అడిగి తెచ్చింది, కంట్లో పోయడానికి. మా ఊళ్ళలో తరతరాలుగా ఉన్న మందే అది. రొమ్ము తీసేసిన నా ముందు ఆ గిన్నె పట్టుకుని నిలబడి, ఏదో గుర్తొచ్చి ఆమె చెయ్యి వణికింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "వద్దు పెద్దమ్మా, నా రక్తంలో తెల్లకణాలు తక్కువున్నాయి, ఏ చిన్న క్రిమి చేరినా కన్ను పోతుంది" అని చెప్పాను. అర్థం చేసుకుంది. చనుబాలు, తేనె, ఆముదం, ఆకు పసరు ఏవైనా సరే, కీమో నడుస్తున్నప్పుడు కంట్లో పోయకండి. ప్రేమతో తెచ్చినవాళ్ళకు ఈ కారణం చెప్పండి, వింటారు.

ఇంకో జాగ్రత్త. కళ్ళలో వచ్చే ప్రతి మార్పునూ మందు మీదికి నెట్టడం కూడా ప్రమాదమే. ఆడవాళ్ళలో కంటి లోపలికి పాకే క్యాన్సర్లలో రొమ్ము నుంచి వచ్చేవే ఎక్కువ. నొప్పి లేకుండా ఒక కంటి చూపు తగ్గడం, మెరుపులు మెరిసినట్టు కనబడటం, నల్లటి నలకలు ఒక్కసారిగా తేలడం, చూపులో ఒక పక్క తెర దించినట్టు ఉండటం, ఇలాంటివి వస్తే అదే రోజు చూపించుకోవాలి. ఎముకలకోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ తీసుకున్న కొద్ది రోజులకు కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా అంతే. అది కండ్లకలక కాదు.

2019 అక్టోబరులో అనంతపురంలో కంటి వెలుగు పథకం మొదలైంది. మొదటి విడత బడిపిల్లలకే. మా బడి వరండాలో ఆరు మీటర్లు కొలిచి సున్నంతో గీత గీసి, చార్టు తగిలించి, ఒక్కో పిల్లను ఒక కన్ను మూసి నిలబెట్టాం. నేనే వరస పెట్టాను. వెనక బెంచీలో కూర్చుని బోర్డు మీదిది ఎప్పుడూ తప్పు రాసే ఒక పిల్లాడికి చూపే సరిగా లేదని ఆ రోజే తెలిసింది. ఎన్నాళ్ళు వాణ్ణి మొద్దు అన్నామో! ఆ పథకం మొదలైంది ప్రపంచ దృష్టి దినాన, అక్టోబరు రెండో గురువారం. అదే అక్టోబరులో మా ఆడపిల్లలు గులాబీ రిబ్బన్లు కట్టుకుని రొమ్ము క్యాన్సర్ ర్యాలీ తీస్తారు, కొండారెడ్డి బురుజు దాకా నడుస్తారు. ఒకే నెలలో రెండూ జరుగుతాయి, ఒకదాని బ్యానరు మీద ఇంకొకటి ఎప్పుడూ కనబడదు. కీమో వార్డు గోడకు ఆ చార్టు ఒకటి తగిలించడానికి ఎంతవుతుంది? సెలైన్ ఎక్కేముందు ఒక్కో కన్ను మూసి చదివిస్తే రెండు నిమిషాలు పడుతుంది. డాక్టర్లకు తీరిక లేదంటారు, ఓపీ బయట నిలబడ్డ జనాన్ని చూసినదాన్ని, ఒప్పుకుంటాను. దానికి డాక్టరు అక్కర్లేదు. మా ఏడో తరగతి లీడరు చేయగల పని.

ఎవరూ తగిలించకపోతే మనమే మొదలుపెట్టాలి కదా అని నేను ఒక కాగితం రాశాను. పెద్ద అక్షరాలతో, ఆరు వాక్యాలు. జిరాక్సు తీయించి, చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్ళకు ఇస్తున్నాను. చదువు రానివాళ్ళకు చదివి వినిపిస్తాను. ఆదోని నుంచి వచ్చే ఒక చెల్లెలికి ఫిబ్రవరిలో ఇచ్చాను. ఆమెకూ డోసెటాక్సెలే, వారం వారమే. రెండో వారానికే కళ్ళు కారుతున్నాయని అంది, వాళ్ళాయన ఏడవొద్దని కసురుకుంటున్నాడని కూడా. నేనే కంటి ఓపీ చీటీ రాయించి పంపాను. సాయంత్రం నేను పప్పు పోపు పెడుతుంటే ఫోను మోగింది.

"టీచరమ్మా, సూదితో నీళ్ళు పోసినారు."

"రెండు కండ్లకీనా?"

"రెండింటికీ."

"గొంతులో ఏమన్నా తగిలిందా?"

అవతల కాసేపు నిశ్శబ్దం. బస్టాండులో ఉన్నట్టుంది, వెనకనుంచి ఎమ్మిగనూరు, ఆదోని అని అరుపులు వినబడుతున్నాయి.

"ఉప్పగా తగిలినాది టీచరమ్మా. రెండు పక్కలా."